ఓట్లకూ సీట్లకూ మధ్య ఉన్న లెక్క

జనవరి వచ్చిందంటే మొజంజాహీ మార్కెట్ నుంచి నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం దాకా రోడ్డంతా జనమే. నుమాయిష్ అనగానే మనకు కశ్మీరీ శాలువాలు, జెయింట్ వీలు, వేడివేడి మిర్చి బజ్జీలు గుర్తొస్తాయి. అది పుట్టింది మాత్రం లెక్కల కోసం. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘం వారు హైదరాబాద్ రాజ్యంలో ఆర్థిక సర్వే చేయాలనుకున్నారు. చేతిలో డబ్బు లేదు. ఆ డబ్బు కూడగట్టడానికి పబ్లిక్ గార్డెన్స్‌లో స్థానికంగా తయారైన వస్తువులతో ఒక ప్రదర్శన పెట్టారు. అదే పెరిగి 1946లో ఇప్పటి మైదానానికి చేరింది. అంతకు ముందే, 1929-30లో, ఎస్. కేశవ అయ్యంగార్ ఈ రాజ్యపు పల్లెల్లో తిరిగి ఆర్థిక విచారణ జరిపారు. 1949-51 మధ్య మళ్లీ జరిపారు. సమాజాన్ని బాగుచేయాలంటే ముందు దాన్ని కొలవాలి అని నమ్మినవాళ్లు ఈ నేల మీద తొంభై ఏళ్ల కిందటే ఉన్నారు. ఆ నమ్మకం నాకూ ఉంది. ఈ పూట మీతో మాట్లాడదలచుకున్నది దాని గురించే.

రాజకీయాల్లో లెక్కలు అనగానే మనకు తట్టేవి కులాల లెక్కలు, పొత్తుల లెక్కలు. ఫలానా వర్గం ఇంత శాతం, ఫలానా పార్టీకి ఇంత శాతం, కలిపితే గెలుపు. ఇదంతా కూడిక. కూడిక దాటి ముందుకు వెళితే గణితం మనకు ఇంకో సంగతి చెబుతుంది. ఎన్నికల ఫలితంలో రెండు విషయాలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి జనం మనసు. రెండోది ఆ మనసును లెక్కపెట్టిన పద్ధతి. ఫలితాలు వచ్చిన రోజు మనం రెండోదాన్ని మరచిపోయి, అంతా జనం మనసే అనుకుంటాం. ఈ రెండింటినీ విడదీసి చూపే పనిముట్టు గణితం ఒక్కటే.

మొజంజాహీ మార్కెట్ నుంచే మొదలుపెడదాం. 1935లో ఏడో నిజాం కట్టించి, తన రెండో కొడుకు మొజంజా పేరు పెట్టిన రాతి కట్టడం. మధ్యలో క్లాక్ టవర్. ఒకప్పుడు ఇక్కడ పండ్ల మార్కెట్ ఉండేది, తర్వాత అది గడ్డిఅన్నారం వెళ్లిపోయింది. పండ్లు వెళ్లినా పండ్ల ఐస్‌క్రీం ఉండిపోయింది. సీతాఫలం, మామిడి, అంజీర్. ఫేమస్, షా లాంటి దుకాణాలు ఒకే ఆవరణలో ఒకదాని పక్కన ఒకటి. కొత్తగా చూసినవాళ్లకు ఒక అనుమానం వస్తుంది: ఇంత పెద్ద ఊళ్లో ఒకే సరుకు అమ్మేవాళ్లు ఇలా భుజాలు రాసుకుంటూ ఎందుకు కూర్చున్నారు? దూరదూరంగా ఉంటే ఎవరి గిరాకీ వాళ్లకు ఉండదా?

1929లో హెరాల్డ్ హోటలింగ్ అనే అమెరికన్ గణాంక శాస్త్రవేత్త ఈ ప్రశ్నకు లెక్క కట్టి జవాబు చెప్పాడు. మొజంజాహీ నుంచి నాంపల్లి స్టేషన్ దాకా ఒక తిన్నని రోడ్డు ఊహించుకోండి. రోడ్డు పొడవునా ఇళ్లు సమానంగా ఉన్నాయి. రెండే రెండు ఐస్‌క్రీం బండ్లు. రుచి ఒకటే, ధర ఒకటే. అప్పుడు ఎవరైనా దగ్గర్లో ఉన్న బండికే వెళతారు. జనానికి సౌకర్యం ఏది? ఒక బండి రోడ్డులో పావువంతు దగ్గర, ఇంకోటి ముప్పావు దగ్గర ఉండటం. అప్పుడు ఎవరికీ ఎక్కువ నడక ఉండదు. కానీ మొదటి బండివాడు కొంచెం మధ్యకు జరిగాడనుకోండి. వెనక ఉన్నవాళ్లు ఎలాగూ అతని దగ్గరికే రావాలి, ముందున్న వాళ్లలో కొందరు కొత్తగా దొరుకుతారు. అది చూసి రెండోవాడూ జరుగుతాడు. చివరికి ఇద్దరూ సరిగ్గా నడిమధ్యలో వీపులు ఆనించుకుని నిలబడతారు. ఇక అక్కడినుంచి ఎవరు కదిలినా వాళ్లకే నష్టం.

మార్కెట్‌లో దుకాణాలు పక్కపక్కన చేరడానికి ఇంకా కారణాలు ఉండొచ్చు. ఐస్‌క్రీం తినాలనుకున్నవాడు మొజంజాహీకే పోదాం అనుకోవడం అందులో ఒకటి. కానీ హోటలింగ్ తన వ్యాసంలో దుకాణాల దగ్గర ఆగలేదు. పార్టీలు కూడా ఇలాగే చేస్తాయి అన్నాడు. రోడ్డు బదులు అభిప్రాయాల గీత గీయండి. ఒక కొసన సంక్షేమానికి ఎంతైనా ఖర్చు పెట్టాలనేవాళ్లు, రెండో కొసన పైసా వద్దనేవాళ్లు, మధ్యలో మిగతా అందరూ. ఓటర్లందరినీ ఈ గీత మీద వరసగా నిలబెడితే సరిగ్గా నడిమధ్యలో ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషికి అటు సగం, ఇటు సగం. దీన్నే బడి పుస్తకాల్లో మధ్యగతం అంటాం. ఆ మనిషి ఎవరి వైపు ఉంటే వాళ్లదే గెలుపు. అందుకని రెండు పార్టీలూ అతని చుట్టూనే తిరుగుతాయి. తర్వాత 1948లో డంకన్ బ్లాక్, 1957లో ఆంథొనీ డౌన్స్ ఈ మాటనే ఇంకా పకడ్బందీగా చెప్పారు.

మన దగ్గర ఇది నిజమా? 2023 తెలంగాణ ఎన్నికలు చూడండి. సెప్టెంబరు 17న తుక్కుగూడ సభలో కాంగ్రెస్ ఆరు గ్యారంటీలు ప్రకటించింది. గ్యాస్ సిలిండరు 500 రూపాయలకు, పెన్షన్ 4,000, రైతుకు ఎకరాకు ఏడాదికి 15,000, మహిళలకు నెలకు 2,500. ఒక నెల తిరక్కుండానే అక్టోబరు 15న బీఆర్ఎస్ మేనిఫెస్టో వచ్చింది. సిలిండరు 400కు, పెన్షన్ దశలవారీగా 5,016 దాకా, రైతుబంధు దశలవారీగా 16,000 దాకా, మహిళలకు నెలకు 3,000. పేర్లు వేరు, జెండాలు వేరు, అంకెలు మాత్రం పక్కపక్క దుకాణాల బోర్డుల్లా ఉన్నాయి. రెండు పార్టీలకూ ఆలోచన కరువైందని దీన్ని తిట్టినవాళ్లు ఉన్నారు. నేనలా అనుకోను. మధ్యలో ఉన్న ఓటరు ఎక్కడున్నాడో రెండు పార్టీలకూ తెలిసింది. ఆ ఓటరు సిలిండరు ధరతో, పింఛనుతో, పెట్టుబడి సాయంతో బతుకు లెక్క వేసుకునే మనిషి. రాష్ట్రం సగటు బతుకు ఎలా ఉందో ఆ రెండు మేనిఫెస్టోలు మనకు చెప్పాయి. దాన్ని చదవడం నేర్చుకోవాలి.

మూడో బండి వస్తే ఏమవుతుంది? ఇక్కడ గణితం కఠినంగా మాట్లాడుతుంది. ఒకే గీత మీద ముగ్గురు ఉంటే ఎవరూ కుదురుగా ఉండలేరు. మధ్యలో చిక్కుకున్నవాడు రెండు వైపులా నలిగిపోతాడు. బయటికి గెంతితే ఇంకొకరు మధ్యలో చిక్కుతారు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజారాజ్యానికి ఇదే ఎదురైంది. దాదాపు 16 శాతం ఓట్లు. అంటే ఓటు వేసిన ప్రతి ఆరుగురిలో సుమారు ఒకరు. 294 స్థానాల్లో వచ్చినవి 18. అదే ఎన్నికల్లో టీఆర్ఎస్‌కు వచ్చింది 4 శాతం, గెలిచింది 10 స్థానాలు. 2011లో ప్రజారాజ్యం కాంగ్రెస్‌లో కలిసిపోయింది. నాయకుడి గుణదోషాల మీద అప్పుడు ఎన్నో మాటలు వినిపించాయి. అవన్నీ ఉన్నా లేకపోయినా, రాష్ట్రమంతా పలచగా పరుచుకున్న 16 శాతానికి ఈ లెక్కింపు పద్ధతిలో దక్కేది అంతంత మాత్రమే.

ఇక్కడే అసలు విషయానికి వస్తున్నాం. ఎన్ని ఓట్లు అన్నదాని కంటే అవి ఎక్కడ పడ్డాయి అన్నది ముఖ్యం. దీనికి ఉదాహరణ కోసం మొజంజాహీ చౌరస్తా దాటి వెళ్లనక్కర్లేదు. ఇక్కడి నుంచి నడుచుకుంటూ వెళ్లే దూరంలో మూడు పార్టీల ఆఫీసులు ఉన్నాయి. కాంగ్రెస్ వారి గాంధీభవన్, నాంపల్లిలో బీజేపీ రాష్ట్ర కార్యాలయం, ఆగాపురాలో మజ్లిస్ వారి దారుస్సలాం. మార్కెట్ ఉన్న నియోజకవర్గం గోషామహల్. 2018 ఎన్నికల్లో బీజేపీకి తెలంగాణ మొత్తం మీద దాదాపు 7 శాతం ఓట్లు వచ్చాయి. గెలిచింది ఒకే ఒక స్థానం, ఈ గోషామహల్. మజ్లిస్‌కు వచ్చింది 2.7 శాతం. గెలిచింది 7 స్థానాలు. రెండున్నర రెట్లు ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న పార్టీకి ఏడో వంతు సీట్లు. ఇందులో మోసం లేదు, మాయ లేదు. ఒక పార్టీ ఓట్లు రాష్ట్రమంతా చెదిరి ఉన్నాయి, ఇంకో పార్టీ ఓట్లు నగరంలో ఒకే చోట గట్టిగా పేరుకుని ఉన్నాయి.

హోటలింగ్ లెక్క ఇక్కడ తప్పిందా అని అడగొచ్చు. ఈ రెండు పార్టీలూ మధ్యకు జరగలేదు కదా, దూరదూరంగానే నిలబడ్డాయి కదా? లెక్క తప్పలేదు. రాష్ట్రానికి ఒక నడిమి ఓటరు ఉంటే, ప్రతి నియోజకవర్గానికీ తనదైన నడిమి ఓటరు ఉంటాడు. గోషామహల్‌లో అతను ఒక చోట నిలబడితే, చార్మినార్‌లో మరో చోట నిలబడతాడు. ఎమ్మెల్యేను ఎన్నుకునేది రాష్ట్రపు నడిమి మనిషి కాదు, ఆ వీధుల నడిమి మనిషి. నియోజకవర్గాల హద్దులు ఎక్కడ గీశారన్నది ఇంత పెద్ద విషయం కావడానికి కారణం ఇదే.

ఇప్పుడు కాగితం, పెన్సిల్ దగ్గరుంటే తీసుకోండి. ఓట్ల శాతం తెలిస్తే సీట్లు ఎన్నో చెప్పగలమా? ఇంగ్లండులో ఒక పాత సూత్రం ఉంది. 1950లో కెండాల్, స్టూవర్ట్ అనే ఇద్దరు దానికి గణిత వివరణ ఇచ్చారు. రెండు పార్టీల ఓట్ల నిష్పత్తిని ఘనం చేస్తే, అంటే దాన్ని దానితోనే మూడు సార్లు వేసి గుణిస్తే, సీట్ల నిష్పత్తి వస్తుంది అని. మన దగ్గర పెట్టి చూద్దాం. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్ఆర్ కాంగ్రెస్‌కు 49.95 శాతం, తెలుగుదేశానికి 39.17 శాతం. నిష్పత్తి 1.275. ఘనం చేస్తే 2.07. ఆ లెక్కన ఇద్దరికీ కలిపి వచ్చిన 174 స్థానాల్లో 117, 57 చొప్పున పంచుకోవాలి. నిజంగా వచ్చినవి 151, 23. సూత్రం చాలా దూరంలో ఆగిపోయింది.

ఘనానికి బదులు ఎనిమిదో ఘాతం పెట్టి చూశాను. అంటే నిష్పత్తిని ఎనిమిది సార్లు వేసి గుణించడం. 152, 22 వచ్చాయి. 2024కు అదే పెట్టాను. తెలుగుదేశం ఉన్న కూటమికి మూడు పార్టీలూ కలిపి 55.28 శాతం, వైఎస్ఆర్ కాంగ్రెస్‌కు 39.37 శాతం. ఎనిమిదో ఘాతం చెప్పింది 164, 11. నిజంగా వచ్చింది 164, 11. తెలంగాణ 2023: కాంగ్రెస్ 39.40, బీఆర్ఎస్ 37.35. లెక్క చెప్పింది 62, 41. వచ్చింది 64, 39.

ఇది చూసి సూత్రం దొరికేసిందని గంతులు వేయకూడదు. 2018 తెలంగాణకు పెట్టండి. టీఆర్ఎస్ 46.87 శాతం, కాంగ్రెస్, తెలుగుదేశం కలిపి 31.94. లెక్క ప్రకారం టీఆర్ఎస్‌కు 104, ఆ రెండు పార్టీలకు 5 రావాలి. వచ్చినవి 88, 21. సూత్రం దెబ్బతింది. ఎందుకు? ఒక పెద్ద కారణం ఖమ్మంలో కనిపిస్తుంది. రాష్ట్రమంతా ఒక గాలి వీస్తే ఉమ్మడి ఖమ్మం జిల్లాలో వేరే గాలి వీచింది. అక్కడి పది స్థానాల్లో టీఆర్ఎస్ గెలిచింది ఒక్కటే. కాంగ్రెస్ 6, తెలుగుదేశం 2 గెలిచాయి. నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది ఈ తప్పే. ఓటు అన్ని చోట్లా ఒకేలా పడితే, కొద్దిపాటి ఆధిక్యం సీట్ల వరదగా మారుతుంది, ఘాతం పెరుగుతుంది. ప్రాంతానికో మనసు ఉంటే ఘాతం తగ్గుతుంది, ప్రతిపక్షం బతికి బట్టకడుతుంది. ఇంగ్లండులో గనుల ప్రాంతాలు ఒక పార్టీవి, పచ్చని పల్లెలు ఇంకో పార్టీవి కాబట్టి అక్కడ మూడు సరిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది పడుతోందంటే, శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా రెండు పెద్ద పక్షాల బలాబలాలు ఇంచుమించు ఒకే తీరున ఉన్నాయన్న మాట. ఉత్తరాంధ్ర, కోస్తా, సీమ అని మనం ఎంత విడదీసి మాట్లాడినా, పోలింగ్ రోజున అంత తేడా లేదు. ఇది ఏ చర్చా వేదికలోనూ నాకు వినపడలేదు. అంకెల్లోనే కనపడింది.

ఇంకో సంగతి గమనించండి. 2019లో తెలుగుదేశానికి 39.17 శాతం, 23 స్థానాలు. 2024లో వైఎస్ఆర్ కాంగ్రెస్‌కు 39.37 శాతం, 11 స్థానాలు. రెండు సార్లూ ఓడిన పార్టీని పది మందిలో నలుగురు కోరుకున్నారు. రెండు సార్లూ మనం విన్న మాట ఒకటే: జనం తుడిచిపెట్టేశారని. తుడిచిపెట్టింది జనం కాదు, ఎనిమిదో ఘాతం. గెలిచినవాళ్లు అధికారం చేపట్టడం న్యాయమే. కానీ ఆ నలుగురు ఊళ్లోనే ఉన్నారు, పన్ను కడుతున్నారు, పిల్లల్ని అదే బడికి పంపుతున్నారు. శాసనసభలో ఖాళీ బెంచీలు చూసి వాళ్లు లేరనుకుంటే పాలకులు పెద్ద పొరపాటు చేసినట్టే.

లెక్కింపు పద్ధతి మారితే కథ ఎలా నడుస్తుందో చూపిన ఎన్నిక ఒకటి మన చరిత్రలో ఉంది. అందులో ప్రధానంగా తలపడిన ఇద్దరూ తెలుగువాళ్లే. 1969 రాష్ట్రపతి ఎన్నిక. ఒక పక్క ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి గారు. ఇంకో పక్క బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి గారు. మూడోవారు సి.డి. దేశ్‌ముఖ్. రాష్ట్రపతి ఎన్నికలో ఓటరు ఒక్క పేరే చెప్పి ఊరుకోనక్కర్లేదు. నా మొదటి ఎంపిక వీరు, వీరు కాకపోతే వారు అని వరస రాయొచ్చు. చెల్లిన ఓట్ల విలువ 8,36,337. గెలవాలంటే సగానికి ఒకటి ఎక్కువ, 4,18,169 రావాలి. మొదటి లెక్కింపులో గిరి గారికి 4,01,515, సంజీవరెడ్డి గారికి 3,13,548, దేశ్‌ముఖ్ గారికి 1,12,769. ఎవరూ గీత దాటలేదు. తక్కువ వచ్చినవాళ్లను తీసేస్తూ, వాళ్ల ఓటర్ల రెండో ఎంపికను లెక్కపెట్టారు. అలా బదిలీ అయిన ప్రతి ఆరు ఓట్లలో ఐదు సంజీవరెడ్డి గారికి వెళ్లాయి. 87,967 ఉన్న తేడా కరిగిపోతూ వచ్చి 14,650 దగ్గర ఆగింది. గిరి గారు 4,20,077తో గెలిచారు. ఇప్పటిదాకా మన దేశంలో రెండో ఎంపికల మీద తేలిన రాష్ట్రపతి ఎన్నిక అదొక్కటే.

మన మామూలు ఎన్నికల పద్ధతిలో ఆ రెండో ఎంపికలు ఎప్పటికీ బయటపడేవి కావు. ఏకపక్షంగా కనిపించే పోటీ నిజానికి ఎంత దగ్గరి పోటీయో అవి చూపించాయి. అయితే ఈ పద్ధతే అన్నిటికంటే మంచిదని నేను అనడం లేదు. 1785లోనే ఫ్రాన్సులో కొండోర్సే ఒక చిక్కు చూపించాడు. ముగ్గురు అభ్యర్థులుంటే, ఎక్కువ మంది మొదటివారిని రెండోవారి కంటే మేలనుకుని, రెండోవారిని మూడోవారి కంటే మేలనుకుని, మళ్లీ మూడోవారిని మొదటివారి కంటే మేలనుకోవచ్చు. జనం మాట గుండ్రంగా తిరుగుతుంది. 1951లో కెన్నెత్ ఏరో ఇంకా ముందుకు వెళ్లాడు. ముగ్గురు, అంతకు మించి పోటీలో ఉన్నప్పుడు, మనం న్యాయమని ఒప్పుకునే షరతులన్నీ ఒకేసారి తీర్చే లెక్కింపు పద్ధతి ఉండదని రుజువు చేశాడు. ఏరో హోటలింగ్ శిష్యుడే. కాబట్టి ఏ పద్ధతి ఎంచుకున్నా ఏదో ఒకటి వదులుకోవాలి. ఏది వదులుకుంటున్నామో తెలిసి వదులుకోవడమే ప్రజాస్వామ్యంలో పెద్దరికం.

సర్వేల గురించి కూడా ఒక మాట. వెయ్యిమందిని ఎలాంటి పక్షపాతం లేకుండా, చీటీలు తీసినట్టు ఎంచి అడిగితే, వచ్చే శాతం మూడు అటూ ఇటూ ఉంటుంది. ఒక శాతం అటూ ఇటూ దాకా తేవాలంటే పదివేల మందిని అడగాలి. 2023 తెలంగాణలో మొదటి పార్టీకీ రెండో పార్టీకీ తేడా రెండు శాతం. వెయ్యిమంది సర్వేతో ఆ తేడా తేల్చగలమని ఎవరైనా చెబితే నమ్మకండి. ఎంత తెలివైన అంచనాకైనా కచ్చితత్వంలో దాటలేని హద్దు ఒకటి ఉంటుందని 1945లో చూపించినవారు మన సి.ఆర్. రావు గారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా వెళ్లి, ప్రపంచం గుర్తించిన గణాంక శాస్త్రవేత్త అయ్యారు. 2023 ఆగస్టులో, నూట రెండేళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన పేరుతో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఒక సంస్థ కూడా ఉంది. ఆయన పుట్టిన జాతికి ఎగ్జిట్ పోల్ చూసి తగువులాడుకోవడం తగదు. అడిగిందెందరిని, ఎలా ఎంచారు అని అడగడం తగుతుంది.

గణితానికి అందనిది కూడా ఉంది. ఒకే గీత మీద జనాన్ని నిలబెట్టాం అన్నాను. బేగంబజారు వ్యాపారి, ఆగాపురా మెకానిక్కు, అబిడ్స్‌లో పుస్తకాలు అమ్ముకునేవాడు ఒకే గీత మీద ఇమడరు. కులం, మతం, భాష, ఊరు, ఇంట్లో ఆడవాళ్ల మాట, పోయిన ఏడాది వచ్చిన వరద, ఇవన్నీ వేర్వేరు దిక్కులకు లాగుతాయి. దిక్కులు పెరిగితే నడిమి మనిషి అనేవాడే దొరకడు. ఇదీ గణితమే రుజువు చేసింది. అంకె మనిషిని మొత్తంగా చెప్పదు. మనిషి గురించి చెప్పిన అబద్ధాన్ని మాత్రం పట్టిస్తుంది. నాకు అది చాలు.

బడుల్లో, కాలేజీల్లో పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఒక విన్నపం. నిష్పత్తి, శాతం, మధ్యగతం, ఘాతాలు పాఠ్యపుస్తకంలో ఉన్నవే. నియోజకవర్గాల వారీ ఫలితాలు ఎన్నికల సంఘం అందరికీ అందుబాటులో పెడుతుంది. మీ తరగతిలో పిల్లలకు మీ జిల్లా ఫలితాలు ఇచ్చి, ఓట్ల శాతం ఎంత, సీట్ల శాతం ఎంత, తేడా ఎందుకు వచ్చింది అని లెక్క కట్టించండి. ఏ పార్టీ పేరూ చెప్పనక్కర్లేదు, క, ఖ, గ అని రాసినా చాలు. శ్రోతలారా, మీరు కూడా ఈసారి ఓట్ల లెక్కింపు రోజున సీట్ల సంఖ్య పక్కన ఓట్ల శాతం రాసుకోండి. నేను చెప్పిన ఎనిమిదో ఘాతం నిలుస్తుందో పడిపోతుందో మీరే చూడండి. పడిపోతే, ఏ జిల్లాలో పడిపోయిందో వెతకండి.